పళ్ల పేజీలో దొరికిన కంటి డాక్టరు

ఆ పెయింటు కొట్లో ఆమెను అందరూ రంగులత్త అనేవారు. చిన్నా పెద్దా తేడా లేదు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన వడ్రంగి కూడా అత్తా అనే పిలిచేవాడు. ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆమె చేసేది ఒకటే పని, రంగుకు తగ్గ రంగు కలిపి ఇవ్వడం. కొట్లో మిషను లేక కాదు. కార్డులో చూపించిన రంగును మీట నొక్కగానే కలిపిపెట్టే మిషను ముందు గదిలోనే ఉంది. కానీ ఎండకు వెలిసి, వంటింటి పొగ పట్టి, పదేళ్లపాటు గోడమీద కాపురం చేసిన రంగు ఏ కార్డులోనూ ఉండదు. అలాంటి గోడకు ఒక మూల పెచ్చు ఊడితే, జనం ఆ పెచ్చును కాగితంలో పొట్లం కట్టుకుని వెనక గదిలోకి వచ్చేవారు.

రంగులత్త ఆ పెచ్చును గుమ్మం దగ్గర వెలుతుర్లో పెట్టి, తల అటూ ఇటూ వంచి చూసేది. తెల్ల పెయింటు డబ్బా మూత తీసి, స్టెయినరు అనే చిక్కటి రంగుల సీసాల్లోంచి పసుపు నాలుగు చుక్కలు, నలుపు ఒకటి, ఎరుపు అరచుక్క వేసేది. కర్రతో కలిపి, అట్టముక్కమీద కాస్త రాసి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టేది. తడి రంగు అబద్ధమాడుతుందని ఆమె నమ్మకం. ఆరాక ఆ అట్టమీద పెచ్చును పెడితే పెచ్చు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. అంతటి చెయ్యి ఆమెది.

అలాంటిది, ఒక సోమవారం పొద్దున్నే నిచ్చెన వచ్చాడు. నిచ్చెన అంటే ఆ వీధుల్లో సగం ఇళ్లకు రంగులేసే పెయింటరు. మనిషి పొడుగు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. చేతిలో పెయింటు డబ్బా, మొహంలో మొహమాటం.

"అత్తా, ఏమనుకోకు. పడగ్గది గోడకి నువ్విచ్చిన రంగు వేశాను. అతుకు కనబడుతోంది."

"ఎలా కనబడుతోంది?"

"నీలం కొడుతోంది."

రంగులత్త డబ్బాలో రంగు తీసి అట్టమీద రాసింది, ఆరబెట్టింది, పెచ్చు పక్కన పెట్టింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. పెచ్చును తిప్పిపెట్టి చూసింది. అప్పుడూ అంతే. కొట్టు యజమానిని పిలిచింది. నలభయ్యేళ్ల మనిషి, తండ్రి తర్వాత కొట్టు చూసుకుంటున్నాడు. ఆయన ఒక చూపు చూసి, అట్టను బల్లమీద బోర్లా పెట్టాడు. దాంతో రంగులత్తకు తల కొట్టేసినట్టయింది.

"చెప్పు బాబూ, నాకు దాపరికాలొద్దు."

"నీలంగానే ఉందత్తా. ఈ నెల్లో ఇది మూడోది. మిగతా రెండూ నేనే సర్ది పంపించేశాను. కొన్నాళ్లు ముందు గదిలో మిషను దగ్గర కూర్చోకూడదూ? కార్డు చూసి మీట నొక్కడమేగా."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. కానీ ఆమె మూలన కూర్చుని ఏడ్చే రకం కాదు. ఒక కన్ను మూసి గోడమీది క్యాలెండరు చూసింది. రెండో కన్ను మూసి చూసింది. రెండు కళ్లకూ అంకెలు పాలలో ముంచి తీసినట్టున్నాయి. ఇన్నాళ్లూ గది బల్బు పాతదైపోయిందనుకుని నాలుగుసార్లు బల్బు మార్పించింది. పాతబడింది బల్బు కాదన్న సంగతి ఆ క్షణంలో తెలిసొచ్చింది.

సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులు విప్పుతూనే భర్తకు సంగతంతా చెప్పింది. ఆమె అందరికీ అత్త కాబట్టి ఆయన అందరికీ మామ. ముప్పయ్యారేళ్లు పోస్ట్‌మ్యాన్‌గా చేసి దిగిపోయాడు. దిగిపోయిన దగ్గర్నుంచీ కాళ్లు ఊరుకోక, పాలప్యాకెట్టుకు కూడా నాలుగు వీధులు చుట్టి వచ్చేవాడు. భార్యకు చూపు తగ్గిందంటే ఆయన మొహంలో దిగులు ఒక్క నిమిషం కనబడింది. రెండో నిమిషానికల్లా చొక్కా చేతులు పైకి మడిచాడు.

"కంటి డాక్టరుకి చూపిద్దాం. మనకి ప్రభుత్వ బీమా కార్డుంది. ఆ కార్డు తీసుకునే డాక్టర్ల జాబితా పోయినేడు ఇంటికొచ్చింది. ఎక్కడ పెట్టావు?"

"నేనెక్కడ పెట్టాను? బీరువా అడుగున కాగితాలన్నీ మీరే పేర్చిపెట్టుకుంటారుగా."

జాబితా దొరికింది. నలభై పేజీల పుస్తకం. కంటి డాక్టర్ల పేజీలో తొమ్మిది పేర్లున్నాయి. మామ కళ్లజోడు ముక్కుమీదికి దించుకుని ఒక్కొక్క చిరునామా చదువుతుంటే, పోయిన కొలువు మళ్లీ చేతికొచ్చినట్టు వెలిగిపోయాడు. "ఇది తెలుసు, మూడో మలుపు, ఇనుప గేటు, పొట్టి కుక్క. ఇదీ తెలుసు, రెండో అంతస్తు, మెట్లు ఎత్తుగా ఉంటాయి. తొమ్మిదిమందిలో ఒక్కడు దొరకడా? ఈ గురువారానికల్లా నీ కళ్లు చూపిస్తాను చూడు."

గురువారం కొట్టుకు సెలవు. ఆ గురువారం ఒక్కటే కాదు, ఆ తర్వాతి మూడు గురువారాలు కూడా మొగుడూ పెళ్లాలిద్దరూ కాలికి బలపం కట్టుకుని తిరిగారు. మధ్య రోజుల్లో ఫోన్లు చేశారు. మొదటి నంబరుకు బట్టల కొట్టువాళ్లు పలికారు. రెండో చోట, కార్డు తీసుకోవడం పోయినేడే మానేశామన్నారు. మూడోచోట కుర్చీలన్నీ మోకాలెత్తున ఉన్నాయేమిటా అనుకుంటే, అది పిల్లల కంటి ఆసుపత్రి. నాలుగోచోట కార్డు తీసుకుంటారు గానీ కొత్తవాళ్లను తీసుకోరు. అయిదో నంబరుకు డాక్టరే స్వయంగా పలికాడు. పని మానేసి మూడేళ్లయిందట. కబుర్లకు మొహం వాచిపోయి ఉన్నాడేమో, మామతో అరగంటసేపు గులాబీ అంట్ల గురించి మాట్లాడాడు. ఆరోచోట కార్డుమీద పరీక్ష చేస్తారు, ఆపరేషన్ మాత్రం చెయ్యరు. ఏడో, ఎనిమిదో నంబర్లు అసలు మోగనే లేదు.

విచిత్రమేమిటంటే, ఇద్దరికీ నీరసం రాలేదు. ప్రతి గుమ్మం ముందూ రంగులత్త, పరీక్ష ఫలితాలు చూసుకోబోయే పిల్లలా కొంగు సర్దుకుని నిలబడేది. మామ జేబులో చిన్న పుస్తకం పుట్టింది. ఎదురుదెబ్బ తగిలినప్పుడల్లా అందులో ఒక ప్రశ్న చేరేది. చివరికి నాలుగు ప్రశ్నలు తేలాయి. కార్డు ఈరోజుకీ తీసుకుంటున్నారా? కొత్తవాళ్లని చూస్తారా? పరీక్షకేనా, ఆపరేషన్‌కి కూడానా? మొదటి తేదీ ఎప్పుడు? ఈ నాలుగింటికీ నికరంగా జవాబిచ్చింది ఒక్కరే, రెండు బస్సులు మారి వెళ్లాల్సిన పెద్దాసుపత్రివాళ్లు. తేదీ మాత్రం ఎనిమిది నెలల తర్వాత.

"ఎనిమిది నెలలంటే ఈలోపు ఊరంతా నీలమైపోతుంది" అంది రంగులత్త. అయినా పేరు రాయించింది. ఇటు కొట్లో మిషను దగ్గర కూర్చోవడానికి ఆమె ఒప్పుకోలేదు. కలిపిన ప్రతి రంగునూ యజమాని కంటికి చూపించాకే ఇస్తానని మాటిచ్చి, వెనక గదిలోనే ఉంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం, పాతికేళ్లమ్మాయి ఒకతె కాగితం కవరులో లేతాకుపచ్చ పెచ్చు తెచ్చింది. భుజానికి గుడ్డసంచి, మనిషి చలాకీగా ఉంది.

"ఆంటీ, మా వెయిటింగు హాల్లో కుర్చీలు గోడకి రాసుకుని పెచ్చులూడిపోతున్నాయి. ఒక చిన్న డబ్బా చాలు."

రంగులత్త కలిపింది. నీలం దగ్గర చెయ్యి ఆగింది. ఒక చుక్క వేస్తే తేడా తెలియలేదు. రెండోది వేసింది. మూడోది కూడా వేసి, అట్టమీద రాసి, ఆరబెట్టి చూపించింది.

ఆ పిల్ల అట్టను చూడలేదు. రంగులత్త మొహంలోకి చూసింది.

"ఆంటీ, ఒక మాటడుగుతాను, తప్పుగా అనుకోకండి. సాయంత్రం వీధిదీపాలు చూస్తే చుట్టూ పొగలాగా కనబడుతోందా?"

"కనబడుతోంది."

"బల్బులు ఎన్ని మార్చినా వెలుతురు చాలట్లేదా?"

"నాలుగు మార్చాను. నీకెలా తెలుసు?"

"నేను కంటి డాక్టరు దగ్గర పనిచేస్తాను. రోజూ ఇవే అడుగుతుంటాను."

రంగులత్త చేతిలో కర్ర డబ్బాలో పడిపోయింది. "ఎక్కడ?"

"మీ వెనక సందులోనే. బేకరీ పైన. మేమొచ్చి నాలుగు నెలలైంది. బోర్డు చిన్నది, పైగా బేకరీ పందిరి అడ్డం. ఎవరికీ కనబడదు."

రోజూ పొద్దున ఆ బేకరీ ముందునుంచే ఆమె పనికి వస్తుంది. తలెత్తి ఒక్కసారి చూసి ఉంటే! అడగాలంటే భయమేసింది. ఇన్నిసార్లు కాదనిపించుకున్నాక, ఈ ఒక్కటీ కూడా కాదంటే తట్టుకోవడం కష్టమనిపించింది. ముక్కు తుడుచుకుంది. కొంగుకు పెయింటంటింది. అడిగేసింది.

"మీ డాక్టరు ప్రభుత్వ బీమా కార్డు..."

"తీసుకుంటారు. మొదటి రోజునుంచీ తీసుకుంటున్నారు."

"మరి జాబితాలో లేరేం? తొమ్మిది పేర్లు మాకు నోటికొచ్చు."

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. "ఉన్నాం ఆంటీ. బీమావాళ్లు కొత్తగా అచ్చేసిన పుస్తకంలో ఉన్నాం. కాకపోతే పళ్ల డాక్టర్ల పేజీలో వేశారు. రోజుకి ఇద్దరైనా దవడ పట్టుకుని మెట్లెక్కి వస్తారు. కళ్లు పరీక్ష చేయించుకునే వెళ్లమంటాం. కొందరు చేయించుకుంటారు కూడా."

రంగులత్త నవ్వలేదు. కొట్లో ఫోనెత్తి ఇంటికి చేసింది. "ఏమండీ, దొరికారు. బేకరీ పైన. మీరు ఉన్నపళంగా రండి, ఆ నాలుగు ప్రశ్నల పుస్తకం తెండి." అటునుంచి జవాబు వచ్చేలోపే ఫోను పెట్టేసింది.

పదిహేను నిమిషాల దూరం మామ తొమ్మిది నిమిషాల్లో వచ్చాడు. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు, బొత్తాలు ఒకటి ఎగువకు ఒకటి దిగువకు. వస్తూనే ఊపిరి కూడా తీసుకోకుండా పుస్తకం తెరిచాడు. ఆ పిల్ల డబ్బాలమీద కూర్చుని, పెద్ద ఆఫీసరు ముందు కూర్చున్నంత బుద్ధిగా జవాబు చెప్పింది.

"ఈరోజుకీ తీసుకుంటున్నారా?"

"తీసుకుంటున్నాం."

"కొత్తవాళ్లని?"

"మాకున్నదంతా కొత్తవాళ్లే అంకుల్."

"ఆపరేషన్‌కి కూడానా?"

"కూడాను. డాక్టరుగారు ఉత్తరం రాస్తే బీమా ఆఫీసు అనుమతిస్తుంది. రెండు వారాలు పడుతుంది."

మామ చివరి ప్రశ్నమీద వేలు పెట్టాడు. "మొదటి తేదీ?"

ఆ పిల్ల గడియారం చూసుకుంది. "నాలుగున్నరకి రావాల్సినాయన రానన్నాడు. ఇప్పుడు నాలుగూ పది."

కొట్టు యజమాని అంతా వింటూనే ఉన్నాడు. కౌంటరు పలక పైకెత్తి పట్టుకుని, "వెళ్లత్తా, వెళ్లు. రంగు నేను సరిచేసి పంపిస్తాను" అన్నాడు. రంగులత్త కాళ్లు నేలమీద ఆనలేదు. చేతులకు పెయింటుతోనే సందులోకి పరుగులాంటి నడకతో వెళ్లింది. వెనక మామ చెప్పులు టపటపలాడుతూ వచ్చాయి. మెట్లు ఇరవై రెండు. మామ అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు.

మామ తన చిన్న పుస్తకంలోంచి తీసిచ్చిన కార్డును ఆ పిల్ల మిషన్లో పెట్టింది. పచ్చదీపం వెలిగింది. అంతే, అంత తేలిక. నాలుగు వారాలుగా ఆ దీపం కోసం తిరిగిన ఇద్దరూ దానివైపు చూస్తూ నిలబడిపోయారు.

డాక్టరు నలభై దాటిన ఆవిడ. మాట నెమ్మది. గోడమీది అక్షరాలు చదివించింది. రంగులత్త పై మూడు వరసలు గడగడా చదివి, నాలుగో వరస దగ్గర ఊహించడం మొదలుపెట్టింది. "ఊహించకండమ్మా, కనబడకపోతే కనబడట్లేదని చెప్పండి" అంది డాక్టరు. తర్వాత కళ్లలో చుక్కల మందు వేసి అరగంట కూర్చోబెట్టింది. మిషనుకు గడ్డం, నుదురు ఆనించమని, సన్నని వెలుగు గీతను కంటిలోకి పంపి చాలాసేపు చూసింది.

"మీరేం పని చేస్తారమ్మా?"

"రంగులు కలుపుతాను."

డాక్టరు మిషను వెనకనుంచి తల బయటికి పెట్టింది. "ఈ కళ్లతోనా?"

"ఈ మధ్య తప్పుతున్నాను. ఏం కలిపినా నీలమవుతోందట. నా కంటికి మాత్రం సరిగ్గానే ఉంటోంది."

"అవుతుంది మరి. రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. బాగా ముదిరాయి. లోపలి కటకం మసకబారడమే కాదు, టీ డికాక్షన్ రంగుకి తిరిగింది. మీరు లోకాన్నంతా డికాక్షన్‌లోంచి చూస్తున్నారు. నీలం మీ కంటిదాకా రావట్లేదు. ఒక చుక్క చాల్లేదనిపించి ఇంకోటి వేస్తున్నారు."

రంగులత్త ఆ మాటను మనసులో రెండుసార్లు తిప్పి చూసుకుంది.

"అంటే నా చెయ్యి పోలేదన్నమాట."

"మీ చేతికేమీ కాలేదమ్మా. కటకం మారిస్తే సరిపోతుంది. ముందు కుడికన్ను చేద్దాం."

ఇన్ని వారాలూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. చుక్కల మందుతో అప్పటికే నీళ్లు కారుతున్నాయి కాబట్టి, మామ తప్ప ఎవరూ గమనించలేదు. ఆయన జేబురుమాలు ఇచ్చి, డాక్టరువైపు తిరిగి, "మా ఆవిడ చుక్క లెక్క తప్పితే అది కన్ను చేసిన తప్పే. నేను ముందే చెప్పాను" అన్నాడు. నిజానికి ఆయన అలా ఎప్పుడూ చెప్పలేదు. రంగులత్త కూడా దిద్దలేదు.

అనుమతి ఉత్తరం పన్నెండో రోజున వచ్చింది. రోజూ పోస్టు వచ్చే వేళకు మామ వీధి చివరదాకా ఎదురెళ్లేవాడు. కొత్త పోస్ట్‌మ్యాన్ ఆ కవరును సంచిలోంచి తీస్తుండగానే మామ గుర్తుపట్టి, అక్కడికక్కడే నిలబడి చదివి, మళ్లీ మడిచి కవర్లో పెట్టి, భార్య చేత విప్పించాడు.

ఆపరేషన్ ఇరవై నిమిషాలు. నొప్పి లేదు. ఎవరో నీళ్ల అవతలినుంచి రంగుల దీపాలు తిప్పుతున్నట్టుందని రంగులత్త తర్వాత చెప్పింది. కంటిమీద ప్లాస్టిక్ డిప్ప అతికించి ఇంటికి పంపించారు. ఆ రాత్రంతా కుడివైపు ఒత్తిగిలకుండా మామ మధ్యలో దిండు పెట్టాడు.

మర్నాడు పొద్దున డాక్టరు డిప్ప తీసింది. రంగులత్త కన్ను తెరిచింది. ఎదురుగా ఆ పిల్ల నిలబడి ఉంది. ఆ పిల్ల వేసుకున్నది బూడిదరంగు చొక్కా అనుకుంది ఇన్నాళ్లూ. అది నీలం. అలాంటిలాంటి నీలం కాదు, కొత్త సీసా మూత తియ్యగానే పొంగేలాంటి నీలం. ఒక చెయ్యితో కుడికన్ను మూసింది, చొక్కా బూడిదరంగైంది. చెయ్యి ఎడమకంటికి మార్చింది, నీలం వచ్చింది. మళ్లీ మూసింది, మళ్లీ మార్చింది.

"అమ్మా, అరిచెయ్యి కంటికి తగలనివ్వకండి" అంది డాక్టరు.

"తగలనివ్వను. ఇంకొక్కసారి."

ఇంటికి వెళ్లే దారి ఆరోజు గంటన్నర పట్టింది. ప్రతి తలుపు దగ్గరా, ప్రతి సైకిలు దగ్గరా ఆగింది. రొట్టెలు చుట్టే కాగితం తెల్లగా ఉందని బేకరీవాడికి చెప్పింది. అదేం గొప్పో తెలియక వాడు తలూపాడు. మామవైపు తిరిగి ఆగిపోయింది.

"ఈ చొక్కా గోధుమరంగు కాదూ?"

"తెల్లదే. నువ్వే గోధుమరంగన్నావని నేనూ అలాగే అంటున్నాను."

"మొహంమీద ఈ ముడతలన్నీ ఎప్పుడొచ్చాయి?"

"నిన్నటిదాకా లేవు. నీ ఆపరేషన్‌తోనే వచ్చాయి."

ఇంట్లో అడుగుపెట్టగానే కిటికీ చువ్వలమీద దుమ్ము కనబడింది. ఏడాది దుమ్ము. వంగకూడదని డాక్టరు చెప్పింది కాబట్టి, కుర్చీలో కూర్చుని వేలుపెట్టి చూపిస్తూ మామ చేత మొత్తం తుడిపించింది.

కంట్లో చుక్కలు వేసుకుంటూ పది రోజులు ఇంట్లో ఉండి, కొట్టుకు వెళ్లింది. తను కలిపిన ప్రతి రంగుకూ ఒక అట్టముక్క వెనక ఇల్లూ తారీఖూ రాసి దాచుకోవడం ఆమె అలవాటు. గత ఏడాది అట్టలన్నీ తీసి బల్లమీద వరసగా పేర్చింది. మొదట్లో సరిగ్గానే ఉన్నాయి. నెల నెలకూ ఒక్కో చుక్క పెరుగుతూ, చివరి అట్టలకు వచ్చేసరికి సాయంకాలపు ఆకాశంలా తయారయ్యాయి. సిగ్గుపడుతుందేమోనని యజమాని పక్కకు తప్పుకోబోయాడు.

"బాబూ, ఇలా రా. చూడు, ఎంత చక్కగా తప్పానో. ఒక క్రమంలో తప్పాను" అంది ఆమె, ప్రైజు వచ్చినంత సంబరంగా. ఆ అట్టల వెనక రాసి ఉన్న ఇళ్లకు ఆ వారమంతా ఒక్కొక్కటిగా చిన్న డబ్బా పంపించింది. నిచ్చెన మోసుకెళ్లాడు.

వెయిటింగు హాలు గోడకు యజమాని పంపిన రంగు బాగానే ఉంది గానీ, ఒక రవ్వ పసుపు ఎక్కువైంది. ఆ సంగతి రంగులత్తకు కుడికంటితో మాత్రమే తెలిసింది. రెండో కంటి ఆపరేషన్‌కు తేదీ వేయించుకోవడానికి వెళ్లి, కూర్చున్న అయిదు నిమిషాల్లో కనిపెట్టింది. ఆ పిల్లతో గుసగుసగా చెప్పింది. "ఆదివారం మీరు లేనప్పుడొచ్చి వేసి పోతాను. డాక్టరుగారికి చెప్పకు."

లోపల మామ డాక్టరుతో తేదీ గురించి బేరమాడుతున్నాడు. ఆవిడ నెలరోజులు ఆగుదామంది. "నెలంటే కష్టం డాక్టరమ్మా, ఇంట్లో రెండు కళ్లూ పోట్లాడుకుంటున్నాయి. ఒకటి దుప్పటి తెలుపంటుంది, రెండోది కాదంటుంది. మధ్యలో రెండుసార్లు ఉతికింది నేను" అన్నాడాయన. డాక్టరు నవ్వి, పుస్తకం తిరగేసి, మూడు వారాలకు దింపింది.

రెండో ఆపరేషన్ రోజు పొద్దున ఎనిమిదింటికి రమ్మంటే, వాళ్లిద్దరూ ఏడుంపావుకే బేకరీ ముందున్నారు. పైన తలుపు ఇంకా తియ్యలేదు. మెట్లమీద అప్పటికే ఒకాయన దవడకు రుమాలు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. రంగులత్త ఆయన పక్కన చతికిలబడి, "పన్నా?" అని అడిగింది. ఆయన తలూపాడు. "ఇక్కడ పళ్లు చూడరు. ఎలాగూ వచ్చారు కాబట్టి కళ్లు చూపించుకునే వెళ్లండి. డాక్టరమ్మ చాలా బాగా చూస్తుంది" అని, ఆయన కాస్త జరగగానే మామకు చోటు చూపించింది.